కొబ్బరిచెట్లు ఆరు, తెల్లారేసరికి ఐదు

డిసెంబర్‌లో తిరుపతి నుంచి నలుగురం వెళ్లాం: నేను, మా ఆవిడ, అమ్మ, బావమరిది. నాయుడుపేటలో టిఫిన్ 260. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ దర్శనం, నేలపట్టులో గూడబాతులు, అన్నీ సాఫీగా అయిపోయాయి.

అసలు కథ వాకాడు వైపు సముద్రం ఒడ్డున. కాటేజీకి 3,800, అందులో 2,000 ముందే ఫోన్‌పే చేశాను. ఫొటోల్లో పచ్చిక, దాని ముందు బోలెడంత ఇసుక. వెళ్లి చూస్తే పచ్చికా లేదు, ఇసుకా లేదు. ప్రహరీగోడ సముద్రంలోకి బోర్లా పడి ఉంది. మెట్లు రెండు గాల్లో వేలాడుతున్నాయి. అంచున ఆరు కొబ్బరిచెట్లు, వేళ్లన్నీ బయటికొచ్చి జడలు విప్పుకున్నట్టున్నాయి.

"ఫొటోలు పాతవి సార్. సముద్రం దగ్గరికొచ్చినా రేటు పెంచలేదు కదా!" అన్నాడు మేనేజరు. అడ్వాన్స్ వెనక్కి రాదట. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

బావమరిది అప్పటికే టవల్ భుజాన వేసుకున్నాడు. అలలు విరగని చోటు చూసుకుని దిగబోతుంటే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కేకేశాడు: "అబ్బోడా, నురగ లేనిచోటే లోపలికి లాగేది!" లాగితే ఒడ్డుకు ఎదురీదకూడదట, ఒడ్డు వెంబడే పక్కకు ఈది బయటపడాలట. సముద్రం ఒడ్డును ఇలా కోసుకుపోవడం శ్రీహరికోట దీవికీ తప్పలేదన్నాడు. ఏడాది మొత్తమ్మీద మన తీరం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దారిలో రాళ్లగట్టు కడితే దానికి దక్షిణాన ఇసుక మేట, ఉత్తరాన ఒడ్డు కోత. చెన్నై హార్బర్ కట్టాక మెరీనా వెడల్పయింది, రాయపురం వైపు ఒడ్డు కరిగింది.

రాత్రి ఆ పెద్దాయన ఇంట్లోనే భోజనం. మామిడికాయ వేసిన మడవ చేపల పులుసు, మనిషికి 120. ట్రిప్పు మొత్తంలో డబ్బుకు తగ్గది అదొక్కటే. బావమరిది మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

గదిలో మాత్రం అల కొట్టినప్పుడల్లా మంచం అదిరింది. అమ్మ కూర్చునే తెల్లార్చింది. వెళ్లాలనుకునేవాళ్లు ఫొటోలు నమ్మకండి, ఆరోజు తీసిన వీడియో పంపమనండి. తుపాను హెచ్చరిక ఉంటే అసలు కదలకండి.

పొద్దున మిగతా 1,800 కట్టబోతుంటే అమ్మ అడ్డొచ్చింది. "నాయనా, నిన్న చెట్లు ఆరు, ఇప్పుడు ఐదు. మేం పడుకున్న గదికి రెండు బారల దూరంలో పడింది. తగ్గించుకో."

మేనేజరు బయటికెళ్లి లెక్కపెట్టుకొచ్చాడు. 300 తగ్గించాడు.