నీతి అందరికీ ఒకటేనా, ఎవరి నీతి వారిదా?

విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యాశుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్లను లెక్కింపజేస్తే, మూడేళ్లలో 1,034 తేలాయని, ఆ వధువుల్లో అయిదేళ్లు నిండని పసివాళ్లూ ఉన్నారని గురజాడ రాశారు. ఆనాడు అది చాలామందికి ఆచారమే. మరి అది అప్పుడు ఒప్పా?

వస్తునిష్ఠ వాదం: ఒప్పూ తప్పూ మన అభిప్రాయాలపై ఆధారపడని సత్యాలు, కాబట్టి ఊరంతా ఒప్పుకున్నా అది తప్పే.
వ్యక్తినిష్ఠ వాదం: ఒప్పూ తప్పూ మన మనోభావాల నుంచీ పెంపకం నుంచీ పుట్టినవే.

శ్రమ: మొదటి వాదం ఆ సత్యం మనకెలా తెలిసిందో చూపాలి, ఇది బరువైన పని. రెండోదానికి ఆ బరువు లేదు గాని, 1929 శారదా చట్టం బాలికల పెళ్లి వయసును 14 ఏళ్లు చేయడాన్ని కేవలం మార్పు అనకుండా మెరుగుదల అని ఎందుకనాలో చెప్పవలసి వస్తుంది. నాకు దాని జవాబు తృప్తినివ్వలేదు.

ప్రమాదం: మొదటిదానిలో అహంకారం. తమ నీతే నీతి అనుకున్న బ్రిటిష్ పాలకులు 1871 నేరస్థ జాతుల చట్టంతో కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులన్నారు. రెండోదానిలో నిస్సహాయత, బాధితురాలి మొర కూడా ఒక అభిప్రాయంగానే మిగులుతుంది.

సీతంపేట కొండల్లోని సవర గిరిజనుల ఓలిని, అంటే వరుడివైపు వారు పెళ్లికి ఇచ్చే సొమ్మును, మైదానంవారు తూచబోయినప్పుడు రెండో వాదపు వినయమే అవసరం, ఎందుకంటే తన ఇష్టం చెప్పగల యువతికి ఓలి ఇవ్వడమూ మూడేళ్ల పాపను అమ్మడమూ ఒకటి కావు. నోరు లేని పసిబిడ్డకు హాని జరిగేచోట మాత్రం మొదటి వాదాన్నే పట్టుకోవాలి.