పాత డీజిల్ కారు కొంటున్నారా? ‘టర్బో ల్యాగ్’ అంటే నమ్మే ముందు మీటర్ ముల్లు చూడండి

రెండు నెలల కింద హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షాపులో 2014 మోడల్ చిన్న డీజిల్ బండి కొన్నాను. 1.3 లీటర్ ఇంజన్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ఒకే ఒక్క మాట నమ్మి దెబ్బతిన్నాను.

టెస్ట్ డ్రైవ్‌లో నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ అరిచింది, బండి మాత్రం లాగలేదు. పక్కనున్న షాపు కుర్రాడిని అడిగాను. "డీజిల్ కదన్నా, టర్బో ల్యాగ్ ఉంటది. అలవాటైపోతది" అన్నాడు. అందులో సగం నిజం ఉంది, అందుకే పడిపోయాను. ఈ చిన్న డీజిళ్లు 1800 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపు మొద్దునిద్రలో ఉంటాయి. ఎగ్జాస్ట్ గాలితో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనపు గాలి తోసే ఫ్యానే టర్బో. ఎగ్జాస్ట్ ఒత్తిడి చాలినంత రానిదే అది పుంజుకోదు, ఆ ఆలస్యమే ల్యాగ్. స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేర్‌లోనే తొక్కితే కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు, తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. పెట్రోల్ బండి నుంచి మారినవాళ్లకు మొదట్లో ఇదే చిరాకు.

అయితే ల్యాగ్ ఉన్నప్పుడు ఆర్పీఎం ముల్లు కూడా బద్ధకంగానే లేస్తుంది. నా బండిలో ముల్లు గబుక్కున లేచింది, స్పీడు లేవలేదు. అంటే క్లచ్ జారుతోంది, ఇంజన్ తిరుగుడు చక్రాలకు పూర్తిగా అందడం లేదు. ఈ తేడా నాకు శ్రీశైలం నుంచి తిరిగొస్తుంటే గానీ తెలిసి రాలేదు.

నలుగురం, డిక్కీ నిండా సామాన్లు. లింగాలగట్టు వంతెన దాటి ఈగలపెంట వైపు ఎక్కుతుంటే ఇంజన్ మోత తప్ప కదలిక లేదు. కాలిన వాసన. రాత్రి 9 కల్లా అడవి గేటు మూసేస్తారని ఒక టెన్షన్, వెనక బస్సు హారన్ ఇంకో టెన్షన్. మా నాన్న అయితే బండి దిగి నడుస్తానన్నారు! రెండుసార్లు ఆపి, చల్లార్చి, ఎలాగో గట్టెక్కాం.

మర్నాడు మెకానిక్ హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేర్ వేసి క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజన్ టక్కున ఆగిపోవాలి. నాది గురగురమంటూ తిరుగుతూనే ఉంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్, కూలీ కలిపి 14 వేలు వదిలాయి. షాపువాళ్లకు ఫోన్ చేస్తే "క్లచ్ అరిగే సామానన్నా, వారంటీలో రాదు" అన్నారు.

మీరు చూడాల్సింది ఇది. ఖాళీ రోడ్డు మీద ఒకటి, రెండు గేర్లలో తిప్పితే ఏమీ బయటపడదు. ఆ గేర్లలో క్లచ్ మీద భారం తక్కువ. ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకుని, వీలైతే ఫ్లైఓవర్ ఎక్కుతూ, నాలుగో గేర్‌లో 50 స్పీడు నుంచి పూర్తిగా తొక్కండి. క్లచ్ పెడల్ వదిలేశాక ఒక గేర్‌లో స్పీడుకూ ఆర్పీఎంకూ లెక్క మారదు. స్పీడు 40 దగ్గర ఆర్పీఎం 1250 ఉంటే 80 దగ్గర 2500 ఉండాలి. స్పీడు పెరగకుండా ముల్లు మాత్రం ఎగిరితే అక్కడే దిగిపోండి. ముల్లూ స్పీడూ కలిసే నడుస్తూ, 2000 దాటినా బండి లాగక నల్లపొగ కక్కితే టర్బో గొట్టాల్లో ఎక్కడో గాలి పోతోందేమో చూపించండి.

కొత్త క్లచ్ వేశాక కూడా 1800 లోపు నా బండి నిద్రపోతూనే ఉంది. ఆ కుర్రాడు చెప్పిన సగం నిజం అదే.