మూడేళ్లు నడిపిన డీజిల్ ఫోర్ బై ఫోర్: లీటరు లెక్క, గంట లెక్క

ఈ బండి నా చేతికొచ్చి మూడేళ్లు దాటింది. ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం), 2.2 లీటర్ల డీజిల్ ఇంజను, మాన్యువల్ గేర్లు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, అందులో వేగం తగ్గించి లాగే బలం పెంచే లో రేంజ్, 60 లీటర్ల ట్యాంకు. ఖాళీగానే రెండు టన్నులకు దగ్గర. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు డీజిల్ బండి ఏది వాడేవాళ్లకైనా పనికొచ్చే సంగతులే ఇవి.

మొదటి ట్యాంకు నుంచీ లెక్క రాసుకుంటూ వచ్చాను. గ్లవ్ బాక్సులో ఒక నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను ఉంటాయి. ఫుల్ ట్యాంకు కొట్టించి, మళ్లీ ఫుల్ కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, తిరిగిన కిలోమీటర్లను దాంతో భాగిస్తాను. నాజిల్ మొదటిసారి టక్కున ఆగగానే ఆపించేస్తాను. ఆ తర్వాత కూడా పోయిస్తే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పట్టి లెక్కంతా పాడవుతుంది.

రోడ్డు మైలేజీ గురించి చెప్పాల్సింది తక్కువ. 80లో నిలకడగా వెళ్తే లీటరుకి 14 ఇస్తుంది. 110లో వెళ్తే 11. ఎత్తుగా, పెట్టెలా ఉండే బండి కదా, వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఒక సీజనంతా పైన ఖాళీ రూఫ్ ర్యాక్ పెట్టుకుని తిరిగాను. దాన్ని విప్పిన రోజు నుంచి 100 వేగంలో మైలేజీ 10.6 నుంచి 11.8కి పెరిగింది. నాలుగు బోల్టులు విప్పితే లీటరుకి ఒక కిలోమీటరు పైనే కలిసొచ్చింది.

టైర్ల విషయంలో మాత్రం చాలా రోజులు పొరబడ్డాను. 245/70 ఆర్16 తీసేసి 265/70 ఆర్16 వేయించాక మైలేజీ 12.4 నుంచి 11.2కి పడిపోయినట్టు కనిపించింది. బాధేసింది. తర్వాత కొలతలు వేసుకుంటే అర్థమైంది: కొత్త టైరు ఎత్తు పాతదానికన్నా దాదాపు 3.7 శాతం ఎక్కువ, అంటే ఓడోమీటరు 100 చూపించేసరికి బండి 103.7 కిలోమీటర్లు వెళ్లింది. అలా సరిచేస్తే అసలు మైలేజీ 11.6. మిగిలిన తగ్గుదల నిజమైనదే, టైరు బరువెక్కింది, గళ్లు పెద్దవయ్యాయి. టైర్లు మార్చినవాళ్లు ముందు ఈ లెక్క సరిచూసుకుని, ఆ తర్వాతే ఇంజనుని అనుమానించండి.

రోడ్డు దిగాక లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్న ప్రశ్నే పనిచేయదు. ఒకసారి రాళ్ల దారిలో లో రేంజ్ వేసి 16 కిలోమీటర్లు వెళ్లడానికి ఐదు గంటలు పట్టింది. 12.5 లీటర్లు తాగింది. లీటరుకి 1.3 కిలోమీటర్లు కూడా కాదు. చూడగానే గుండె జారింది. కానీ గంట లెక్కన చూస్తే రెండున్నర లీటర్లే. 80లో రోడ్డు మీద వెళ్తే గంటకు దాదాపు 5.7 లీటర్లు పోతాయి. రాళ్ల మీద ఇంజను తక్కువే తాగుతోంది, బండి ముందుకు కదిలేదే తక్కువ. మెత్తటి ఇసుకలో టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి 25 వేగంలో వెళ్తే లీటరుకి 5, అంటే గంటకు 5 లీటర్లు. ఆ రోజు నుంచి నోటుబుక్కులో ఇంకో గడి గీశాను: గంటలు. రాళ్లు, బురద ఉన్న ప్రయాణాలకు ఇప్పుడు దాన్ని బట్టే డీజిల్ అంచనా వేస్తాను.

డాష్‌బోర్డులో ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందో చూపించే అంకె ఉంటుంది కదా, ఆ రాళ్ల దారి మొదట్లో అది 480 చూపించింది. 16 కిలోమీటర్లు దాటాక 210! ట్యాంకు కారుతోందేమోనని వంగి కింద చూశాను. ఏమీ లేదు. అది ఈమధ్య నడిపిన తీరును బట్టి వేసే అంచనా. తిరిగి రోడ్డెక్కాక మెల్లగా పెరుగుతూ వచ్చింది. దారి తీరు మారే చోట దాన్ని నమ్ముకుని నిర్ణయాలు తీసుకోవద్దు.

ఇక నాకు ఈ బండి మీద ఉన్న అసలు ఫిర్యాదు. ఒక సాయంత్రం నేనూ మా బావమరిదీ నిటారుగా ఉన్న మట్టి గట్టు ఎక్కుతున్నాం. మధ్యలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. "బావా, మీటర్లో ఇంకా పావు ట్యాంకు ఉందిగా, ఎందుకాగింది?" అన్నాడు. ఉన్న మాట నిజమే. కానీ బండి అంత వాలినప్పుడు డీజిల్ అంతా ఒక పక్కకు చేరింది, పీల్చే గొట్టం మూతికి గాలి అందింది. నెమ్మదిగా వెనక్కి దించి, చదునులో నిలిపి, బానెట్ ఎత్తాను. ఫిల్టరు మీదున్న ప్రైమర్ పంపు (గొట్టంలో చేరిన గాలిని పోగొట్టి డీజిల్‌ని లాగడానికి చేత్తో నొక్కేది) మొదట దూదిలా మెత్తగా నొక్కుకుపోయింది. నొక్కుతూ పోతే ముప్ఫై, నలభై సార్లకు వేలికి ఎదురు తన్నడం మొదలుపెట్టింది. ఇంకో పది నొక్కులకు రాయిలా బిగిసింది. అప్పుడు తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. చీకటి పడేలోపు అయిపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ టెన్షన్ వేరేగా ఉండేది.

అందుకని కొండ దార్లలో నా ట్యాంకు 60 కాదు, 47 అనుకుంటాను. అడుగు 13 లీటర్లు లేనట్టే. ఇసుకలో అయితే 235 కిలోమీటర్లు, రాళ్లలో అయితే పద్దెనిమిది గంటల పైన. ఇందులోనూ మూడో వంతు ముట్టుకోను, దారి మూసుకుపోయి వెనక్కి రావాల్సి వస్తే అది కావాలి.

పెద్ద ట్యాంకు ఉంటే చాలనుకునేవాళ్లు బరువు కూడా చూడాలి. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లే, కానీ తేలికైన బండి. ఫార్చ్యూనర్‌కి 80. ఆస్ట్రేలియాలో అమ్మే ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్‌లో చాలా మోడళ్లకి 130. పెట్రోలా, డీజిలా అనే ప్రశ్నకు దూర ప్రయాణాల వరకూ నా ఓటు డీజిల్‌కే. ఒక లీటరులో శక్తి పెట్రోలు కన్నా పది శాతం పైగా ఎక్కువ. పైగా తక్కువ లోడు మీద నెమ్మదిగా పాకేటప్పుడు డీజిల్ ఇంజను పొదుపుగా తాగుతుంది. గంటకు రెండున్నర లీటర్లు అన్నది అందుకే సాధ్యమైంది.

అదనపు డీజిల్‌కి 20 లీటర్ల స్టీలు జెర్రీ క్యాను ఒకటి పెట్టుకున్నాను. 1930లలో జర్మనీలో తయారైన ఆ నమూనా ఇప్పటికీ మారలేదు, పైన మూడు పిడులుంటాయి కాబట్టి ఒకరైనా ఇద్దరైనా మోయొచ్చు. నిండితే డబ్బాతో కలిపి ఇరవై కిలోల పైనే. అంత బరువు రూఫ్ మీద పెడితే వాలు మీద బండి పక్కకు లాగుతుంది, కాబట్టి వెనక డిక్కీలో, నేలకు ఆనించి, రాట్చెట్ బెల్టుతో బిగిస్తాను. నింపేటప్పుడు మాత్రం తప్పకుండా కిందకు దించి, నేల మీద పెట్టే నింపుతాను. బండిలో ఉంచి నింపితే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ ప్రమాదం.

ఇంజనుకి, లో రేంజ్‌కి నేను పదికి తొమ్మిది ఇస్తాను. ట్యాంకు సైజుకి ఏడు. ట్యాంకు లోపలి అమరికకు, డీజిల్ మీటరు ముల్లుకి కలిపి నాలుగు. వాలు మీద ఆ ముల్లు సగానికీ పావుకీ మధ్య ఊగుతూ ఉంటుంది, చదునులో ఆపి ఒక నిమిషం ఆగితేగానీ నిజం చెప్పదు. మీరు ఇలాంటి బండి చూడబోతే టెస్ట్ డ్రైవ్‌లో పావు ట్యాంకుతోనే నిటారు వాలు మీద ఎక్కించి, ఇంజను ఆపకుండా రెండు నిమిషాలు నిలిపి చూడండి.