1,60,000 కిలోమీటర్లు, మూడు డ్రైవ్ బెల్టులు

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ వెళ్లొచ్చే నా డీజిల్ కారు ఎనిమిదేళ్లలో 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడున్నది మూడో డ్రైవ్ బెల్టు. మెకానిక్‌లు ఫ్యాన్ బెల్టనే అంటారు కానీ నా కారులో అది తిప్పేది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, ఇంజిన్‌ని చల్లబరిచే వాటర్ పంపుని.

కారుతో వచ్చిన బెల్టు 84,000 దాకా నడిచింది. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ "నెర్రెలు లేవండీ, బాగుంది" అనేవాళ్లు. మే నెలలో ఒక మధ్యాహ్నం మంగళగిరి దాటాక బ్యాటరీ లైటు వెలిగింది, కాసేపటికి ఏసీలోంచి వేడిగాలి. బ్యాటరీ సమస్యేమో అనుకుని ఇంకాస్త పోనిచ్చాను. టెంపరేచర్ ముల్లు లేస్తుంటే ఆపి బోనెట్ ఎత్తాను. బెల్టు తెగిపోయి ఉంది. వెనక సీట్లో అమ్మ. ఆ ఎండలో ఆమెను గంటన్నర రోడ్డు పక్కన కూర్చోబెట్టిన బాధ ఇంకా పోలేదు.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన తెగిన ముక్క చేతికిచ్చి దాని లోపలి వైపు పొడవునా ఉండే గాళ్లు తడిమి చూడమన్నారు. పాత నియోప్రీన్ రబ్బరు బెల్టులు ముందు నెర్రెలిచ్చేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తొందరగా పగలదు, టైరులా అరుగుతుంది. గాళ్లు అరిగాక బెల్టు పుల్లీలో (అది తిప్పే చక్రంలో) లోతుగా కూర్చుని జారుతుంది. కంటికి మాత్రం నల్లగా, నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఆ రోజు తక్కువ రేటు బెల్టు వేయించి, ఆయన చెప్పినా బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ మార్పించలేదు. తప్పు చేశాను. 21,000 కిలోమీటర్లకే పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమనేది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఇంజిన్ ఆన్‌లో ఉండగా మెకానిక్ గాళ్ల వైపు కొన్ని నీళ్లు చల్లారు, అరుపు పెరిగింది. బిగువు చాలక జారుతోందన్నమాట. నీళ్లకు అరుపు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీల వరుస చూడాలట.

ఈసారి కంపెనీ బెల్టు, టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ కలిపి వేయించాను. 55,000 తిరిగినా చప్పుడు లేదు.

నా ఇంజిన్‌లో టైమింగ్‌కి (వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయడానికి) చైన్ ఉంది. మీ కారులో టైమింగ్ బెల్టు ఉంటే మాన్యువల్‌లో రాసిన గడువు దాటనివ్వకండి. అది తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

1,75,000 దగ్గర ఈ బెల్టు ఎంత బాగున్నా మార్పిస్తాను. తీసిన పాతది డిక్కీలో ఉంచుకుంటాను.