తొమ్మిదేళ్లు వాడిన డ్రయర్: నా గొడవంతా ఆ స్టార్ట్ బటన్‌తోనే

బట్టలారబెట్టే ఈ డ్రయర్ కొన్న కొత్తలో ఎవరు అడిగినా ఒకటే చెప్పేదాన్ని: "ఒక నాబ్, ఒక బటన్, అంతే. స్క్రీన్ లేదు, ఎలక్ట్రానిక్ బోర్డు లేదు, పాడవడానికి ఇందులో ఏముందని?" తొమ్మిదేళ్ల తర్వాత ఆ మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. పాడవడానికి ఆ బటన్ ఉంది.

బట్టలు ఎంతసేపట్లో ఆరతాయి, ఎంత చప్పుడు చేస్తుంది, ఎన్ని కిలోలు పడతాయి లాంటివి కొనేటప్పుడే అందరూ చూసుకుంటారు. వాటి జోలికి వెళ్లను. ఆరబెట్టడంలో దీనికి వంక పెట్టేదేమీ లేదు.

ఐదో ఏడు దాటాక మొదలైంది. ఒకసారి నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు, రెండోసారి నొక్కితే తిరుగుతుంది. రిమోట్‌ని అరచేతిలో రెండు దెబ్బలు కొట్టి వాడుకునేవాళ్లకి ఇదో లెక్కా? పట్టించుకోలేదు. కొన్నాళ్లకి రెండు నొక్కులు ఐదయ్యాయి. తర్వాత దానికో పద్ధతి వచ్చింది: బటన్ నడిమధ్యన కాకుండా పై అంచున, కాస్త ఎడమగా, బొటనవేలితో ఒత్తి రెండు క్షణాలు అలాగే పట్టుకోవాలి. ఇంట్లో ఇది నాకూ మా అబ్బాయికీ తప్ప ఎవరికీ రాదు. మా అత్తయ్య అయితే బట్టలు వేసి, తలుపు మూసి, "అమ్మాయ్, ఓసారి వచ్చి నొక్కి వెళ్లు" అని కేకేసేది.

ఒకరోజు సాయంత్రం, లోపల నాలుగు తడి దుప్పట్లు ఉండగా, నా బొటనవేలికీ లొంగలేదు.

పిలిపించిన మెకానిక్ రెండుసార్లు నొక్కి చూసి, చెవి ఆనించి, "మోటార్ పోయిందండీ. మోటార్ మార్చే బదులు ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది" అన్నాడు. వెనక ప్యానెల్ కూడా విప్పలేదు. ఆ రాత్రి కొత్త డ్రయర్లు చూస్తూ కూర్చున్న మాట నిజం. కానీ ఒక విషయం తొలుస్తూనే ఉంది. మోటార్ పోయినా, ఎక్కడైనా బిగుసుకుపోయినా, బటన్ నొక్కినప్పుడు కనీసం "మ్‌మ్" అని ఒక మూలుగు రావాలి. అలా మూలిగితే కరెంటు మోటార్ దాకా చేరుతోందని, అంటే స్విచ్ తన పని చేసిందనే లెక్క. నా మెషీన్ మూలగలేదు. తలుపు తీస్తే లోపల లైటు వెలుగుతోంది, బటన్ నొక్కితే మాత్రం నిశ్శబ్దం. మోటార్ కాయిలే తెగిపోయినా ఇలాగే ఉండొచ్చు, కాదనను. కానీ దారిలో ఇంకెక్కడో తెగి ఉండటానికే ఎక్కువ అవకాశం.

దారిలో అనుమానితులు మరీ ఎక్కువమంది ఉండరు. తలుపు స్విచ్, థర్మల్ ఫ్యూజ్ (అతిగా వేడెక్కితే తెగిపోయేది), స్టార్ట్ స్విచ్. కొన్ని మోడళ్లలో బెల్టు తెగితే ఆపేసే స్విచ్ కూడా ఉంటుంది. ముందు నాకు ఫ్యూజ్ మీదే అనుమానం వచ్చింది, ఎందుకంటే గాలి గొట్టంలో బట్టల నూగు పేరుకుంటే వేడెక్కి మొదట పోయేది అదే. కానీ ఫ్యూజ్ పోతే పోయినట్టే. ఒకరోజు అలిగి, ఒకరోజు పనిచేసి, పై అంచున ఒత్తితే మాట వినే రకం కాదది. రెండేళ్లుగా బతిమాలించుకుంటున్నది బటనే కదా, ఇంకెవరినో ఎందుకు అనుమానించడం?

ప్లగ్ పీకేసి (ఆపడం కాదు, పీకేయడం) ప్యానెల్ వెనక స్క్రూలు విప్పాను. బటన్ వెనక స్విచ్‌కి రెండే వైర్లు. పీకేముందు ఫోన్‌తో ఫొటో తీశాను, టేపు ముక్కలు అంటించి ఒకటి, రెండు అని రాసుకున్నాను. ఇలా రెండు వైర్లే ఉండే మామూలు స్విచ్‌కి అవి తారుమారైనా తేడా ఉండదని తర్వాత తెలిసింది. మూడు, నాలుగు ఉంటే మాత్రం ఆ ఫొటోయే దిక్కు.

కరెంటు దారి ఉందో తెగిందో చూపించే మల్టీమీటర్ పెట్టాను. నొక్కకుండా ఉన్నప్పుడు ఓపెన్, అంటే దారి తెగి ఉంది, అది సరిగ్గానే ఉన్నట్టు. నొక్కితే దారి కలిసి, ఓమ్‌లలో చూపించే అడ్డంకి సున్నాకి దగ్గరగా రావాలి. మొదటి నొక్కుకి 38 ఓమ్‌లు. రెండోసారి అసలు దారే లేదు, ఓపెన్. మూడోసారి 0.4. నాలుగోసారి మళ్లీ ఓపెన్. నాకైతే మీటర్‌ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

కొత్త స్విచ్ వచ్చేదాకా ఆగలేక పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో పగలగొట్టి చూశాను. లోపల అగ్గిపుల్ల తలంత కాంటాక్టులు రెండు. ఒకదాని మధ్యలో గుంట పడింది, చుట్టూ మసి. ఎడమ అంచున మాత్రం సన్నగా మెరుస్తున్న చోటు ఒకటి మిగిలింది. రెండేళ్లుగా నా బొటనవేలు వెతుక్కుంటున్నది దాన్నే!

నా అక్కసంతా ఇక్కడే. మోటార్ కదిలే మొదటి క్షణంలో తీసుకునే కరెంటు, తిరుగుతున్నప్పుడు తీసుకునేదానికి కొన్ని రెట్లు ఉంటుంది. మాలాంటి పాతకాలపు పద్ధతి డ్రయర్లలో ఆ భారమంతా ఈ బటన్ మీదే పడుతుంది. మోటార్ వేగం అందుకున్నాక దానిలోని సెంట్రిఫ్యూగల్ స్విచ్ (తిరిగే వేగానికి దానంతటదే పడేది) పని అందుకుంటుంది కాబట్టి వేలు తీసేసినా తిరుగుతూనే ఉంటుంది. అంత బరువు మోసేదాన్ని అగ్గిపుల్ల తలంత పెట్టారు. డ్రమ్ము చూస్తే ఇంకో ఇరవై ఏళ్లు తిరిగేలా ఉంది.

బటన్ తీసేసి ఆ రెండు వైర్లూ కలిపేస్తే పోలా అని బంధువొకరు సలహా ఇచ్చారు. వద్దు. తలుపు తీసి మూసినా మళ్లీ నొక్కితే తప్ప తిరగకూడదనే అక్కడ ఆ బటన్ పెట్టారు. వైర్లు కలిపేస్తే తలుపు మూసిన మరుక్షణం డ్రమ్ము తిరగడం మొదలవుతుంది. పిల్లలు లేని ఇంట్లో కూడా నేను ఆ పని చేయను.

కొత్త స్విచ్ పెట్టడం పావుగంట పని. మొదటి నొక్కుకే, నడిమధ్యన నొక్కితేనే, తిరిగింది. ఆ ఆనందం మూడు వారాలు.

నాలుగో వారం మళ్లీ నిశ్శబ్దం. నాసిరకం స్విచ్ అంటగట్టారని అమ్మినవాళ్లని తిట్టుకుంటూ ప్యానెల్ విప్పితే, స్విచ్‌ది తప్పు కాదు. వైరు చివర ఉండే చదునైన కనెక్టర్ గోధుమరంగుకి తిరిగి, వదులై, వేలితో లాగగానే ఊడివచ్చింది. పాత స్విచ్‌తో పాటు అది కూడా ఏళ్ల తరబడి వేడెక్కింది. నేను అదే కనెక్టర్‌ని కొత్త స్విచ్‌కి తగిలించి చేతులు దులుపుకున్నాను. మొదటిసారే వేలితో కదిపి చూసి ఉంటే రెండోసారి విప్పే పని తప్పేది. నల్లబడిన వైరు చివర కత్తిరించి, వేడి తట్టుకునే 6.3 మిల్లీమీటర్ల కనెక్టర్ కొత్తది నొక్కి బిగించాను. అప్పటినుంచి ఏడాదిన్నరగా పేచీ లేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. నాకో అలవాటుంది: ఆరాయా లేదా అని పది నిమిషాలకోసారి తలుపు తీసి చూస్తాను. తీసిన ప్రతిసారీ మోటార్ ఆగుతుంది, మళ్లీ బటన్ నొక్కాలి. నా దగ్గర ఏడేళ్లకి పోయిన ఈ స్విచ్, ఒక్క లోడుకి ఒకసారి నొక్కేవాళ్ల ఇంట్లో ఇంకెన్నాళ్లు వచ్చేదో! ఈ మధ్య కొంచెం తగ్గించాను, మానలేదు.

ఇలాంటిదే కొనమంటావా అంటే, ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి, ప్లగ్ పీకి మీటర్ పెట్టడానికి జంకనివాళ్లు ఒకరుంటే, కొనమంటాను. బోర్డు పోయిన డ్రయర్‌ని నేను ఇలా బాగుచేసుకోగలిగేదాన్ని కాదు. కరెంటు అంటే భయమైతే, లేదా మీది గ్యాస్‌తో నడిచేదైతే, తెలిసినవాళ్లనే పిలవండి. కాకపోతే మోటార్ పోయిందని చెబితే, నొక్కినప్పుడు మూలిగిందా లేదా అని మాత్రం అడగండి. నాకు పనులు తక్కువ ఉన్న వారం దొరికింది కాబట్టి సరిపోయింది. అదే చంటిపిల్ల ఉన్న రోజుల్లో అయితే ఆ మెకానిక్ మాట విని కొత్తది కొనేసేదాన్నేమో.