నీరసానికి విటమిన్ డ్రిప్: ఏడాదికి పైగా వాడిన తరువాత నా అభిప్రాయం

ఉదయం లేచేసరికే ఒంట్లో ఓపిక ఉండకపోవడం, మధ్యాహ్నానికి చేతిలో పని పక్కన పెట్టి కూలబడాలనిపించడం, రాత్రి కంటినిండా నిద్రపోయినా మర్నాడు మళ్లీ అదే తీరు కావడం వల్ల సిర ద్వారా విటమిన్లు, ద్రవాలు ఎక్కించే చికిత్సను మొదలుపెట్టాను. మొదట్లో రెండు వారాలకు ఒకసారి, తరువాత నెలకు ఒకసారి చొప్పున ఏడాదికి పైగా వాడాను. ఈ చికిత్స ఒంటికి ఏమీ చేయదని నేను అనను, చేస్తుంది. అయితే ఆ మేలు ఎంతసేపు నిలుస్తుంది, అందులో విటమిన్ల వాటా ఎంత, నీటి వాటా ఎంత, అసలు నీరసానికి మూలమైన కారణం దాకా అది వెళ్తుందా అన్న ప్రశ్నలకు నాకు దొరికిన జవాబులు మాత్రం ప్రచారంలో వినిపించే మాటలకు చాలా దూరంగా ఉన్నాయి.

నాకు ఎక్కించినది మైయర్స్ కాక్‌టెయిల్ అనే పేరుతో చెలామణీలో ఉన్న మిశ్రమానికి దగ్గరిది. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్ మైయర్స్ అనే వైద్యుడు ఇటువంటి ఇంజెక్షన్లను తన రోగులకు చాలా ఏళ్లు ఇచ్చారు. 1984లో ఆయన మరణించాక అలాన్ గాబీ అనే మరో వైద్యుడు ఆ పద్ధతిని కొనసాగించి, తాను వాడుతున్న పాళ్లను 2002లో ప్రచురించారు. మెగ్నీషియం, కాల్షియం, బి కాంప్లెక్స్, బి5, బి6, బి12, విటమిన్ సి అందులో ఉంటాయి. నాకు ఇచ్చినదానిలో కాల్షియం లేదు, బయోటిన్ అనే మరో బి విటమిన్ మాత్రం అదనంగా ఉండేది. వీటన్నిటినీ 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి గంట నుంచి గంటన్నర దాకా ఎక్కించేవారు.

ఎక్కించేటప్పుడు ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చికిత్స పనిచేస్తోందన్న నమ్మకం చాలావరకు అక్కడే పుడుతుంది. మోచేతి పైన పట్టీ బిగించి, ముంజేతి మీద నరం దొరికాక, స్పిరిట్ దూదితో తుడిచి, నీలిరంగు 22 గేజ్ క్యాన్యులా గుచ్చుతారు. సూదిని వెనక్కి లాగేసి మెత్తని ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే లోపల ఉంచుతారు. పసుపుపచ్చని ద్రవం చుక్కలు చుక్కలుగా దిగడం మొదలైన కొద్ది నిమిషాలకే నోట్లో బి విటమిన్ మాత్ర నమిలినట్టు ఒక రుచి వస్తుంది. ఆ తరువాత ఛాతీ నుంచి గొంతుకు, గొంతు నుంచి ముఖానికి ఒక వెచ్చదనం పాకుతుంది. అది మెగ్నీషియం రక్తనాళాలను వదులు చేయడం వల్ల కలిగేది. హాయిగానే ఉంటుంది కానీ, చుక్కల వేగం పెరిగితే అదే మెగ్నీషియం రక్తపోటును పడగొడుతుంది. ఒకసారి నాకు తల తేలిపోయినట్టై చెమటలు పట్టినప్పుడు, నర్సు వెంటనే వేగం తగ్గించి, కాళ్లు ఎత్తిపెట్టి, బీపీ చూసి, సర్దుకున్నాకే కొనసాగించింది. ఆ జాగ్రత్త లేనిచోట ఈ చికిత్స తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక ఫలితం. ఆ సాయంత్రం ఒళ్లు తేలికపడేది, తలలో మసక విడిపోయినట్టుండేది. మర్నాడు కూడా పనులు చురుగ్గా సాగేవి. మూడో రోజుకు మళ్లీ పాత నీరసమే. ఏడాది పొడవునా ఈ వరుస మారలేదు. చికిత్స కొనసాగించే కొద్దీ మేలు పేరుకుపోతుందన్న మాట నా విషయంలో నిజం కాలేదు.

ఎందుకు నిలవదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సిరలోకి ఎక్కించిన సెలైన్‌లో ఎక్కువ భాగం గంటా రెండు గంటల్లోనే రక్తనాళాలను దాటి కణజాలంలోకి వెళ్లిపోతుంది, ఆ తరువాత మూత్రంగా బయటికి పోతుంది. నీళ్లు తక్కువ తాగే అలవాటున్న మనిషికి అర లీటరు ద్రవం తప్పక ఊరటనిస్తుంది గానీ, వాంతులు, విరేచనాలు లేనివారికి ఆ పని మంచినీళ్లతోనే జరుగుతుంది. పైగా సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే అర లీటరుతో 4.5 గ్రాములు నేరుగా రక్తంలోకి చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి సూచించే ఉప్పు 5 గ్రాముల లోపే. విటమిన్ల సంగతి చూస్తే, నోటి ద్వారా తీసుకునే విటమిన్ సి మోతాదు పెరిగే కొద్దీ పేగులు గ్రహించే శాతం తగ్గుతుందన్నది నిజమే, సిర ద్వారా ఇస్తే రక్తంలో మట్టం ఎంతో ఎత్తుకు వెళ్తుందన్నదీ నిజమే. అయితే ఒంటికి అవసరమైనంత ఉన్న తరువాత మిగిలినదాన్ని మూత్రపిండాలు కొద్ది గంటల్లోనే వడకట్టి పంపేస్తాయి. ఎక్కించుకున్న రోజు మూత్రం చిక్కని పసుపు రంగులో రావడానికి కారణం అలా బయటికి పోతున్న రైబోఫ్లావిన్, అంటే బి2.

ఇదంతా చదివాక, వైద్యుడి అనుమతితో కొన్నిసార్లు విటమిన్లు లేకుండా సాదా సెలైన్ మాత్రమే ఎక్కించుకున్నాను. వెచ్చదనం లేదు, నోట్లో రుచి లేదు. కానీ సాయంత్రపు తేలికదనం, మర్నాటి చురుకు ఇంచుమించు అలాగే ఉన్నాయి. ఏది ఎక్కిస్తున్నారో నాకు ముందే తెలుసు కనుక దీన్ని రుజువుగా చెప్పను. అయితే 2009లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం ఇటువంటి ఫలితాన్నే చూపింది. ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బున్న 34 మందిలో కొందరికి మైయర్స్ మిశ్రమాన్ని, మిగిలినవారికి కేవలం రింగర్ లాక్టేట్ అనే, విటమిన్లు లేని లవణ ద్రవాన్ని 8 వారాల పాటు ఇచ్చారు. రెండు వర్గాల్లోనూ మెరుగుదల కనిపించింది, రెండింటి మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా మాత్రం లేదు. గంటసేపు కదలకుండా పడుకోవడం, ఫోన్ పక్కన పెట్టడం, ఒకరు దగ్గరుండి చూసుకోవడం, కావలసినంత నీరు అందడం — వీటికి కూడా బలం ఉంటుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

నా నీరసానికి కారణం చివరకు రక్తపరీక్షలో బయటపడింది. హిమోగ్లోబిన్ 12.4, అంటే స్త్రీలకు సాధారణంగా చెప్పే పరిధిలోనే ఉంది. ఫెర్రిటిన్ మాత్రం 11. ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటాయని దాని అర్థం. రక్తహీనత రాకముందే నిల్వలు తరిగిపోయి నీరసం రావచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు, హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి అంతా బాగుందని చెప్పేవారూ ఉన్నారు. నేను అన్ని నెలలు ఎక్కించుకున్న మిశ్రమంలో ఇనుము రవ్వంతైనా లేదు. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, రక్తహీనత లేకపోయినా ఫెర్రిటిన్ 50 కంటే తక్కువగా ఉండి అలసటతో బాధపడుతున్న 198 మంది స్త్రీలకు 12 వారాల పాటు రోజుకు 80 మిల్లీగ్రాముల ఇనుమును గానీ, మందు లేని ఉత్తుత్తి మాత్రను గానీ ఇచ్చారు. ఇనుము తీసుకున్నవారి అలసట సుమారు 48 శాతం తగ్గితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో సుమారు 29 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్రకే అంత ఫలితం ఉన్నప్పుడు, డ్రిప్ తరువాత మనకు బాగుందనిపించడం ఒక్కటే ప్రమాణం కాజాలదు. లోపమేమిటో తేలాక దాన్నే పూడిస్తే ఆ పైన వచ్చే తేడా వేరుగా కనిపిస్తుంది.

ఈ పరీక్షల దగ్గరే డ్రిప్ వల్ల మరో చిక్కు ఉంది. మిశ్రమంలోని బయోటిన్ కొన్ని రకాల రక్తపరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువగా చూపించి, లేని జబ్బును ఉన్నట్టు అనిపించవచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష విషయంలోనూ ఈ ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. బి12 ఎక్కించుకున్న తరువాత రక్తంలో దాని మట్టం ఎలాగూ ఎక్కువగానే కనిపిస్తుంది కనుక, అంతకుముందు లోపం ఉందో లేదో ఆ అంకె చెప్పలేదు. మొదటి డ్రిప్ కంటే ముందే ఫెర్రిటిన్, బి12, టీఎస్‌హెచ్, మధుమేహాన్ని పట్టిచ్చే హెచ్‌బీఏ1సీ, విటమిన్ డి, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోవాలని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే. గురక పెట్టేవారు నిద్రలో శ్వాస ఆగిపోయే సమస్య ఉందేమో కూడా చూపించుకోవాలి.

హాని లేదని కూడా అనలేను. ఒకసారి క్యాన్యులా పెట్టినచోట నరం ఎర్రబడి, తాకితే నొప్పి పుట్టి, తాడులా గట్టిపడింది; తగ్గడానికి వారాలు పట్టింది. గుండె బలహీనత, మూత్రపిండాల జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి ఈ ద్రవమే భారం. జి6పిడి ఎంజైము లోపం ఉన్నవారికి ఎక్కువ మోతాదు విటమిన్ సి ఇస్తే ఎర్రరక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది, అదే విటమిన్ ఆక్సలేట్‌గా మారి మూత్రపిండాలను దెబ్బతీసిన సందర్భాలూ వైద్యసాహిత్యంలో ఉన్నాయి. బి6 పెద్ద మోతాదులో చాలాకాలం తీసుకుంటే చేతులు, కాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు కలిపారో రాసివ్వని చోట చేయి చాపకండి.

బి12ను పేగులు గ్రహించలేనివారికి ఇంజెక్షన్ అవసరమే, కానీ అది కండరానికి ఇచ్చే చిన్న సూదితో అయిపోతుంది. ఇనుము మాత్రలు పడనివారికి సిర ద్వారా ఇనుము ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అది పరీక్షల ఆధారంగా వైద్యుడు రాసిచ్చే మందు, దానికీ ఈ విటమిన్ మిశ్రమానికీ పోలిక లేదు. నాకు మాత్రలే సరిపోయాయి. వైద్యుడి సలహాపై రోజు విడిచి రోజు, కాఫీ, టీలకు దూరంగా ఉన్న సమయంలో వేసుకుంటున్నాను. రెండో నెల దాటాక మధ్యాహ్నపు నిస్సత్తువ తగ్గింది, ఫెర్రిటిన్ 40 దాటింది. విటమిన్ డ్రిప్ ఆపేశాను. ఇనుము నిల్వలు ఎందుకు తరిగిపోయాయన్న దాని మీద పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి.