హన్మకొండ నుంచి క్రూజ్‌కు పోయేవాళ్ళు జాగ్రత్త: ఏజెంట్ చేతిల పెట్టే ‘ఫారెక్స్ కిట్’ ముట్టకండి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి ఓడ టూర్లు బుక్ చేసుకున్నవాళ్ళు బయలుదేరే ముందు ఇది ఒకసారి చదవండి. ఓడకు నేను వంక పెట్టను. గది బాగుంది, తిండికి ఢోకా లేదు, శాకాహారులకు కూడా. నేను చెప్పేది పైసల సంగతి.

మా గుంపు ఇంగ్లండ్ రేవు సౌతాంప్టన్‌ల ఓడెక్కి లిస్బన్, కాడిజ్, జిబ్రాల్టర్ చూసి మళ్ళీ సౌతాంప్టన్‌లనే దిగింది. టికెట్లు చేసిన ఏజెంటే ముందుగాల ఫారెక్స్, అంటే విదేశీ కరెన్సీ, మాట ఎత్తిండు. “దానికోసం హైదరాబాద్ దాకా ఎందుకు తిరుగుడు సార్, నేనే కిట్ చేసి ఇస్త” అన్నడు. కిట్ అంటే ఒక కవరు. అందులో 400 పౌండ్లు, 1,000 యూరోలు, మిగిలిన దానికి డాలర్లు. జంటకు రెండు లక్షలు, అదీ నగదే. బిల్లు ఏదని అడిగితే జవాబు రెడీగ ఉంది: “బిల్లు రాస్తే 18 శాతం జీఎస్టీ పడ్తది, మీదికెళ్ళి 20 శాతం టీసీఎస్. మీకే లాసు మేడం.” టీసీఎస్ అంటే అమ్మేటోడే ముందుగాల వసూలు చేసే ఆదాయపు పన్ను.

ఈ మాటకే అందరు నోరు మూసుకుంటరు. రెండు లక్షల మీద 18 శాతం అంటే 36 వేలు, ఎవరికైనా గుండె ఝల్లుమంటది. కానీ కరెన్సీ మార్పిడిల జీఎస్టీ మొత్తం సొమ్ము మీద పడదు. మొదటి లక్షకు 1 శాతం, ఆ పైన పది లక్షల దాకా అర శాతం చొప్పున సేవ విలువ అని లెక్క వేస్తరు. ఆ విలువ మీదనే 18 శాతం. అంటే రెండు లక్షలకు సేవ విలువ 1,500 రూపాయలు, దాని మీద పన్ను 270 రూపాయలు. ఇంతే. టీసీఎస్ అయితే 2025 ఏప్రిల్ 1 నుంచి మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంల 10 లక్షలు దాటినంకనే పడుతది, రెండు లక్షలకు దాని ఊసే లేదు. టూర్ ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్ వేరే లెక్క, అది ఐటీ రిటర్న్‌ల సర్దుబాటు అయితది. ఏజెంటు ఈ రెండింటినీ కావాలనే కలిపి చెప్పిండని నా అనుమానం.

ఇగ ఆయన కట్టిన రేటు చూడండి. అదే రోజు బ్యాంకుల నోట్ల రేటు కంటే పౌండుకు తొమ్మిది రూపాయలు, యూరోకు ఏడు రూపాయలు ఎక్కువ. 270 రూపాయలు తప్పిస్తనని చెప్పి, డాలర్ల సంగతి పక్కన పెట్టినా, జంట మీద పది వేల పైన గుంజిండు.

అయినా రేటు పోతే పోయింది అనుకోవచ్చు. నోట్ల కథ ఇంకా అధ్వాన్నం. పౌండ్లన్నీ పాత కాగితపు 20 నోట్లు, ఆడమ్ స్మిత్ బొమ్మవి. ఇంగ్లండ్‌ల కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబర్ 30 తోటే చెల్లుబాటు పోయినయి. ఇప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లన్నీ ప్లాస్టిక్‌వే. సౌతాంప్టన్‌ల మందుల షాపుల నోటు ఇస్తే ఆ పిల్ల తిప్పి చూసి, నవ్వుకుంట వాపస్ ఇచ్చింది. లండన్‌ల బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇప్పటికీ వాటిని మార్చి ఇస్తది, కాదనను. కానీ సాయంత్రం ఓడ కదిలే మనిషి లండన్ ఎప్పుడు పోవాలె?

యూరోలు రెండు నోట్లు, ఒక్కొక్కటి 500. ఈ నోటు కొత్తగ విడుదల చెయ్యడం 2019లనే ఆపేసిండ్రు. చెల్లుబాటు ఉంది గని ముట్టుకునేటోడు లేడు. లిస్బన్‌ల కాఫీ దుకాణం వద్దన్నది, ట్రామ్ వద్దన్నది. బ్యాంకుకు పోతే ఖాతా ఉన్నవాళ్ళకే మారుస్తమన్నరు. ఆ కవరు ఓడల లాకర్‌లనే ఉండి, మాతోటే హన్మకొండకు వాపస్ వచ్చింది. ఇదే మనిషి దగ్గర కొన్న కరీంనగర్ కుటుంబం ఒకటి క్రొయేషియా దిక్కు పోయింది. వాళ్ళ కవర్ల కునాలు, అంటే ఆ దేశం పాత నోట్లు, ఉన్నయట. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచే యూరోకు మారింది. ఎవరో ఎప్పుడో తెచ్చి పడేసిన నోట్లను ఈయన అగ్గువకు కొని మనకు అంటగడుతున్నడని నాకైతే తెలిసిపోయింది.

కరెన్సీ మార్చే లైసెన్స్ ఉన్నోడు ఎవడో పట్టుకునుడు కష్టం కాదు. 50 వేలు దాటితే వాళ్ళు నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టమంటరు. పాస్‌పోర్టు, పాన్, టికెట్ చూపిస్తే గని ఇయ్యరు. క్యాష్ మెమో చేతిల పెడతరు. ఇవేవీ అడగకుండ కవరు ఇచ్చేవాడికి ఆర్‌బీఐ అనుమతి లేనట్టే, అనుమతి ఉన్నవాళ్ళ జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌ల ఉంది. అనుమతి లేనోడి దగ్గర కొంటే ఫెమా (విదేశీ మారకం) చట్టం కింద కొన్నోళ్ళకు కూడా చిక్కే. అందుకే ఇట్లాంటోళ్ళు అంత ధైర్యంగ ఉంటరు, మనం ఎక్కడికీ పోయి చెప్పలేమని. ఇంకోటి, నోట్ల రూపంల ఒక్క ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకనే ఇస్తరు, మిగతాది కార్డుల వేసుకోవాలె. అసలు ఓడ ప్రయాణానికి అన్ని నోట్లు ఎందుకు? రేవులల్ల దిగినప్పుడు టాక్సీకి, చిల్లర సామానుకు చిన్న నోట్లు కొన్ని ఉంటే చాలు.

ఎందుకంటే ఓడ మీద నగదు నడవదు. ఎక్కేటప్పుడే మన కార్డును గది కార్డుకు జోడిస్తరు, కాఫీ నుంచి ఫోటోల దాకా అన్నీ దాని మీదనే, మా ఓడల అయితే డాలర్లల్ల. ఇక్కడ ఏజెంటు “అన్నీ కలిపే సార్” అన్న మాటకు రెండో దెబ్బ తగులుతది. సిబ్బందికి టిప్పు పేరు మీద మనిషికి రోజుకు ఇంత అని బిల్లుల అదే ఎక్కుతది. పెద్ద అమెరికన్ కంపెనీలల్ల అది సుమారు 16 నుంచి 20 డాలర్లు. ఇద్దరికి పది రాత్రులంటే 320 నుంచి 400 డాలర్లు, చేతి ఖర్చు ఇంకా మొదలే కాలేదు. ప్యాకేజీల టిప్పు ఉందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి.

కొన్ని ఓడలల్ల చివరి బిల్లును వాళ్ళే రూపాయలల్లకు మార్చి కార్డు మీద వేస్తరు, వాళ్ళ రేటుకు. మొదటి రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు పోయి “డాలర్లల్లనే వెయ్యండి” అని రాసి ఇయ్యాలె. మా పక్క గది సూర్యాపేట సార్ ముందే రాసిచ్చిండు, ఆయనకు ఈ బాధ లేదు. రేవులల్ల దుకాణం మెషీన్ రూపాయలా, యూరోలా అని అడిగితే కూడా యూరోలే నొక్కండి. రూపాయలు చూస్తే మనసుకు నిమ్మలంగ ఉంటది గని రేటు మునుగుతది. కార్డు ఖర్చు కూడా ముందే చూసుకోండి. చాలా క్రెడిట్ కార్డులకు విదేశీ మార్కప్ (బయటి కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు అదనంగ తీసుకునేది) 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిస్తే 4.13 శాతం. తక్కువ మార్కప్ ఉన్న కార్డులు కూడా ఉన్నయి. యాప్‌ల అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోవడం మరవకండి. ఓడల డెబిట్ కార్డు గాని ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు గాని పెట్టకండి, హోల్డ్ (బిల్లు కోసం ముందే ఆపి పెట్టుడు) పేరు మీద మన సొంత పైసలే ఇరుక్కుపోతయి.

జిబ్రాల్టర్‌ల చిల్లర వాళ్ళ సొంత పౌండ్లల్ల ఇస్తరు, ఇంగ్లండ్‌ల దుకాణాలు అవి తీసుకోవు. అక్కడనే ఖర్చు పెట్టి ఓడెక్కండి.

వచ్చినంక ఏజెంటు దగ్గరికి పోతే “నోట్లు చూసుకునే కదా తీసుకున్నరు” అన్నడు. ఒక 500 యూరోల నోటు సగం రేటుకు వాపస్ తీసుకుంటనని బేరం కూడా పెట్టిండు. మేం కొందరం కలిసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోదామనుకుంటున్నం, 1915 హెల్ప్‌లైన్‌ల కూడా ఫిర్యాదు పెడుతున్నం. ఆయన దగ్గర కొన్నవాళ్ళు ఇంకా ఉంటే కవరు పారెయ్యకండి. దాని మీద ఆయన చేతి రాతతో వేసిన రేట్ల లెక్క ఉంటది. నోట్ల నంబర్లు కనపడేటట్టు ఫోటోలు తీసి, ఆయన పంపిన వాట్సాప్ మెసేజీలు కూడా చెరిపెయ్యకుండ పెట్టుకోండి. బిల్లు లేని మన కేసుకు ఉన్న కాగితం అదొక్కటే.